కనిపెట్టుకుని ఉన్నవాళ్లు

1994 జనవరిలో డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ పిల్లలతో జోగ్ జలపాతానికి టూర్ వెళ్లాం. నెల్లూరు నుంచి బెంగళూరు, శివమొగ్గ మీదుగా బస్సు. అప్పటికే నీళ్లు తగ్గి నాలుగు పాయలూ విడివిడిగా, సన్నగా జారుతున్నాయి. పిల్లలందరూ ఫొటోలు దిగుతుంటే ఒక అమ్మాయి మాత్రం దారి పక్కన చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని ఎండుటాకుల్లోకి చూస్తోంది.

"మేడమ్, ఇక్కడ చీమ గెంతింది."

వెళ్లి వంగి చూశాను. ముప్పాతిక అంగుళం దాకా ఉన్న చీమ. తల ముందు పైకి వంగిన పొడవాటి దవడలు. చీమకు ఇంతేసి కళ్లా అనిపించేటంత పెద్ద కళ్లు. ఆ అమ్మాయి పుల్లతో ఆకు కదిపింది. చీమ ఉన్నచోటి నుంచి ఎగిరి బెత్తెడు అవతల పడింది.

నాకు పేరు తెలుసు. "హార్పెగ్నాథోస్ సాల్టేటర్. గ్రీకులో హార్పె అంటే కొడవలి, గ్నాథోస్ అంటే దవడ. లాటిన్‌లో సాల్టేటర్ అంటే గెంతేది. రాసుకో" అన్నాను. రాసుకుంది. రాసుకుని తలెత్తి, "ఇది రోజంతా ఏం చేస్తుంది మేడమ్?" అని అడిగింది. పురుగుల్ని వేటాడి తింటుందని చెప్పి, బస్సుకు టైమైందని లేపాను. అడిగినదానికి జవాబు చెప్పలేదని ఆవేళ నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

ముప్పై ఏళ్లు దాటాయి. రిటైరయ్యాను. ఆ ప్రశ్నకు జవాబు ఎంతమంది, ఎన్నేళ్లు కూర్చుని సంపాదించారో చదివి తెలుసుకున్నాక, ఆ అమ్మాయికి బాకీ పడ్డానని తెలిసింది. ఈ వ్యాసం ఆ బాకీ.

మన భాషలో 'కనిపెట్టడం' అనే మాటకు రెండు పనులున్నాయి. ఎవరికీ తెలియనిదాన్ని బయటపెట్టడం ఒకటి. కనిపెట్టుకుని ఉండటం ఇంకొకటి: జ్వరంతో పడుకున్న బిడ్డ మంచం పక్కన తల్లి ఉన్నట్టు, చేలో పంటకు రాత్రిళ్లు కాపు ఉన్నట్టు. మా చదువు మొదటిదాన్నే నేర్పింది. ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద వరసగా స్పాటర్లు పెడతారు: ఫార్మలిన్ సీసాలో తేలు, గుండుసూదికి గుచ్చిన చీమ, స్లైడు మీద అమీబా. గంట కొట్టగానే ఒక్కోదాని ముందుకు జరిగి పేరు రాయాలి, బొమ్మ వేయాలి, రెండు లక్షణాలు రాయాలి. మళ్లీ గంట. ముప్పై ఏళ్లకు పైగా ఆ గంట నేనే కొట్టాను. గుండుసూదికి గుచ్చిన చీమ ఏమీ చేయదు కాబట్టి, అది ఏం చేస్తుందన్న ప్రశ్న మా ల్యాబ్‌లో ఎప్పుడూ పుట్టలేదు.

ఈ గెంతే చీమకు పేరు పెట్టినాయన కొంతకాలం మా నెల్లూరువాడే. థామస్ కావర్‌హిల్ జెర్డన్, 1811లో పుట్టిన ఆంగ్లేయ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా 1836లో మద్రాసు చేరాడు. 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. రోగుల్ని చూడగా మిగిలిన వేళంతా పిట్టలు, పాములు, చీమలు. భారతదేశపు పక్షుల మీద రంగుల బొమ్మలతో ఆయన తెచ్చిన పుస్తకం 1847లో మద్రాసులో పూర్తయింది.

మనవాళ్లకు ఆయన పేరు కలివికోడి వల్ల తెలుసు. నెల్లూరు, కడప సీమల తుప్పల్లో ఆ పిట్టను శాస్త్రలోకానికి మొదట చూపినవాడు జెర్డన్. ఇంగ్లీషులో అది నేటికీ జెర్డన్ పేరుతోనే ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దొరకడానికి సాయపడింది స్థానిక వేటగాడొకడు. జెర్డన్ ఆ పిట్టకు ఇక్కడివాళ్లు పిలిచే పేరు కూడా రాసిపెట్టాడు: అడవి ఉత్త తిత్తి. ఖాళీ సంచి అనే అర్థం వచ్చే ఆ మాట ఆయన సొంతంగా పుట్టించుకున్నది కాదు గదా. ఎవరో పక్కనుండి చెప్పి ఉండాలి. నెల్లూరు చుట్టుపక్కల తుప్పతుప్పా తెలిసినవాళ్లు యానాదులు. పాముపుట్ట ఏదో, ఎలుక కలుగు ఏదో, ఏ చెట్టు మొదట్లో ఏ చీమ ఉంటుందో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. జెర్డన్‌కు దారి చూపినవాళ్లలో వాళ్లూ ఉన్నారనే నా నమ్మకం.

నెల్లూరు తర్వాత ఆయన మలబారు తీరంలో తెల్లిచ్చేరిలో పనిచేశాడు. 1851లో మద్రాసు నుంచి వచ్చే సాహిత్య శాస్త్ర పత్రికలో దక్షిణ భారతదేశపు చీమల జాబితా అచ్చువేశాడు. మన దక్షిణాది చీమల్ని వరసపెట్టి వర్ణించిన తొలి రచనల్లో అదొకటి. మూడేళ్లకు లండన్ పత్రికలో మళ్లీ అచ్చయింది. గెంతే చీమకు ఆ జాబితాలోనే పేరు పడింది. దాని నడవడి గురించి ఆయన రాసింది నాలుగైదు వాక్యాలు. బెదిరినా, కదిపినా ఆశ్చర్యపడేటంత దూరం గెంతుతుంది. పోట్లాడే గుణం ఎక్కువ, గట్టిగా కరుస్తుంది, కుడుతుంది. మొక్కల వేళ్ల దగ్గర నేలలో గూడు పెడుతుంది. గుంపులో ఎక్కువమంది ఉండరు. పురుగుల్ని ప్రాణంతోనే పట్టుకుంటుంది.

ప్రతి మాటా నిజమే. చీమలంటే మగ్గిన మామిడిపండు చుట్టూ వేలకొద్దీ చేరేవే అనుకునే రోజుల్లో, ఈ చీమ గుంపు చిన్నదని గమనించాడంటే ఆయన తవ్వించి చూశాడన్నమాట. ఊరూరికీ బదిలీ అయ్యే డాక్టరు అంతకంటే ఎక్కువసేపు ఒక పుట్ట దగ్గర కూర్చోలేడు. 1903లో బింగ్హామ్ బ్రిటిష్ ఇండియా చీమల మీద పెద్ద గ్రంథం తెచ్చినప్పుడు కూడా ఈ చీమ నడవడి దగ్గర జెర్డన్ మాటల్నే ఎత్తి రాసుకున్నాడు. 

ఆ తర్వాతి కథకు మలుపు ఒక కొత్త మాటతో వచ్చింది. తేనెటీగల్లోనూ చాలా చీమల్లోనూ రాణి ఎవరో పనికత్తె ఎవరో పురుగు దశలోనే తేలిపోతుంది. అప్పుడు దొరికిన తిండీ పోషణా ఆ తీర్పు చెబుతాయి. ఒకసారి తేలాక మార్పు లేదు. కొన్ని పాతకాలపు చీమ జాతుల్లో మాత్రం మామూలు పనిచీమ మగచీమతో కలిసి గుడ్లు పెట్టగలదని తేలింది. క్రిస్టియన్ పీటర్స్, రాబిన్ క్రూ అనే శాస్త్రవేత్తలు 1984లో అచ్చువేసిన వ్యాసంలో అలాంటి చీమను మొదటిసారి 'గేమర్‌గేట్' అని రాశారు. గ్రీకు మాటల్ని విడదీస్తే పెళ్లయిన పనికత్తె అని అర్థం.

ఆ పీటర్స్, జర్మన్ శాస్త్రవేత్త బెర్ట్ హోల్డాబ్లర్, మన దేశపు చీమల నిపుణుడు ముస్తాక్ అలీ, మార్క్ మాఫెట్ కలిసి కర్ణాటకలో గెంతే చీమ గూళ్లు తవ్వారు. జోగ్ ప్రాంతంలోనే. వాళ్ల వ్యాసం అచ్చయింది 1994లో. నేను బస్సుకు టైమైందన్న నేల మీదే వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మట్టిని పొరలుపొరలుగా తీశారు. ఆ సంగతి చదివిన రోజు చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

ఆ గూడు గురించి చెబుతాను. నేల పైపొరకు కొద్ది కిందనే మొదటి గది ఉంటుంది. దానికి గుమ్మటంలా పైకప్పు. ఆ గుమ్మటానికీ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య ఖాళీ వదిలి ఉంటుంది, గిన్నెలో గిన్నె పెట్టినట్టు. పడమటి కనుమల్లో వాన పట్టిందంటే నెలల తరబడి నేల నానుతుంది. ఆ ఖాళీ వల్ల తడి లోపలి గదికి తగలదు. గది గోడలకు లోపలివైపు అతుకులు వేసి ఉంటాయి, పిల్లలు బయటికొచ్చాక మిగిలిన పట్టుగూళ్ల ముక్కలతో. మన ఇళ్లలో గోడకు కాగితం అంటించినట్టు. కుటుంబం పెరిగితే కింద ఇంకో గది, దాని కింద ఇంకోటి. బాగా లోతున చెత్తగది. తిని వదిలేసిన పురుగుల డొల్లలు అందులో పడేస్తారు, అక్కడ ఈగల పురుగులు కాపురముండి ఆ చెత్తను తింటాయి.

ఇంత ఇల్లు కట్టేవాళ్లు ఎందరు? జెర్డన్ చెప్పినట్టు కొద్దిమందే. చాలా గూళ్లలో వందకు లోపు. వాటిలో ఒక్కోటి పగటిపూట ఒంటరిగా వేటకు వెళ్లి, కళ్లతో చూసి, గెంతి, దవడలతో పట్టి, కుట్టి, కదల్లేని పురుగును ఇంటికి తెస్తుంది. ఆ పెద్ద కళ్లు అందుకు.

1995లో పీటర్స్, హోల్డాబ్లర్ అసలు కథ చెప్పారు. రెక్కల రాణి ఒంటరిగా ఎగిరొచ్చి గూడు మొదలుపెడుతుంది. తానే వేటాడి మొదటి పిల్లల్ని పెంచుతుంది. కొన్నేళ్లకు రాణి చనిపోతుంది. ఎన్నో జాతుల్లో కథ అక్కడితో అయిపోతుంది. ఉన్న పనిచీమలు బతికినన్నాళ్లు బతికి, గూడు పాడుబడుతుంది. ఇక్కడ అలా కాదు. అంత కష్టపడి కట్టిన ఇల్లు వదులుకోరు. పనిచీమలు అదే గూట్లో పుట్టిన మగచీమలతో కలిసి, వాటిలోనే కొన్ని గుడ్లు పెట్టడానికి సిద్ధపడతాయి. రాణి పోయినా కాపురం ఇంకా ఏళ్లపాటు సాగుతుంది. ఇంటి విలువే ఆ ఇంటి కుటుంబ పద్ధతిని మార్చిందని వాళ్లిద్దరూ తేల్చారు. పండగకు పాత ఇంటి గడపకు పసుపు పూసే మన ఊళ్లవాళ్లకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

ఎవరు గుడ్లు పెట్టాలి? దానికోసం పోటీ ఉంది. రాణి లేదని తెలిసిన కొన్నాళ్లలోనే రెండేసి చీమలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకటి మీసాలతో రెండోదాని తల మీద కొడుతూ ముందుకు తోస్తుంది, అది వెనక్కి జరుగుతుంది. తర్వాత అది కొడుతుంది, ఇది జరుగుతుంది. మన పల్లెల్లో కోలాటం చూసినవాళ్లకు ఆ లయ కళ్లకు కడుతుంది. ఈ మీసాల పోరులో చావులు ఉండవు. మొదట్లో గూటిలో సగానికి పైగా చీమలు దిగుతాయి, క్రమంగా ఒక్కోటి తప్పుకుంటుంది. నలభై రోజుల దాకా సాగుతుంది. చివరికి కొన్ని మిగులుతాయి. అవే ఇక తల్లులు. తప్పుకున్నవి వేటకు, ఇంటిపనికి తిరిగిపోతాయి.

ఇదంతా తెలియడానికి ఏం కావాలో ఆలోచించండి. చీమలన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని ఒక్కోదాని వీపు మీద రంగుచుక్కలు పెట్టాలి. ఎర్రచుక్క ఎవరితో తలపడింది, పసుపుచుక్క ఎప్పుడు తప్పుకుంది, అని రోజుకు ఇన్ని గంటలు, నెలల తరబడి రాసుకోవాలి. హోల్డాబ్లర్ దగ్గర వూర్ట్స్‌బర్గ్‌లో చదువుకున్న యూర్గెన్ లీబిగ్ ఈ పని తలకెత్తుకున్నాడు. తర్వాత అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి అక్కడా కొనసాగించాడు. దక్షిణ భారతం నుంచి తీసుకెళ్లిన గూళ్ల సంతతి ఆ ఎడారి రాష్ట్రపు ల్యాబుల్లో ప్లాస్టిక్ పెట్టెల్లో పెరిగింది.

గూట్లో క్రమం ఎలా నిలుస్తుందో 1999లో లీబిగ్, పీటర్స్, హోల్డాబ్లర్ చూపించారు. తల్లులు బాగానే గుడ్లు పెడుతున్న గూట్లో ఇంకో పనిచీమ గుడ్లకు సిద్ధపడితే, తోటి పనిచీమలే దాన్ని దవడలతో గట్టిగా పట్టి కదలకుండా నిలబెడతాయి. అలా చేస్తుంటే దాని శరీరంలో గుడ్ల తయారీ ఆగిపోతుంది. వదిలేస్తాయి. అది మళ్లీ పనిలో పడుతుంది. ఎవరు సిద్ధపడుతున్నారో వాటికి వాసనే చెబుతుంది. చీమ చర్మం మీద ఉండే మైనపు పూత వాసన గుడ్లు పెట్టేదానికి ఒకలా, పెట్టనిదానికి ఒకలా ఉంటుందని 2000లో తేల్చారు.

పోరులో గెలిచిన చీమకు లోపల జరిగేది ఇంకా పెద్ద మార్పు. అండాశయాలు ఐదింతలు పెరుగుతాయి. మెదడు తగ్గుతుంది, ఇంచుమించు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా. చీకటి గదిలో కూర్చునే తల్లికి వేటగత్తె కళ్లతో, దారి గుర్తుపెట్టుకునే తెలివితో పనిలేదు. ఆ మెదడును పోషించే శక్తి గుడ్లకు మళ్లుతుంది. ఆయుష్షు మాత్రం పెరుగుతుంది. ఏడు నెలలు బతికే పనిచీమ తల్లి అయితే నాలుగేళ్ల దాకా బతుకుతుంది.

ఈ మార్పు వెనక్కి తిరుగుతుందా అని క్లింట్ పెనిక్, లీబిగ్ తదితరులు చూశారు. ఫలితం 2021లో వచ్చింది. గెలిచి తల్లులైన చీమలకు రంగు గుర్తులు పెట్టి కొన్ని వారాలు విడిగా ఉంచారు. వాటి గుడ్ల శక్తి తగ్గింది. తిరిగి గూట్లో వదిలితే తోటి చీమలు వాసన పట్టి పట్టుకున్నాయి. ఒకటి రెండు రోజుల్లో అవి లొంగి, మళ్లీ పనిచీమలయ్యాయి, వేటకు వెళ్లాయి. వారాల తర్వాత మెదళ్లు కొలిస్తే తిరిగి పెరిగి మామూలు పనిచీమల మెదడంత అయ్యాయి. తగ్గిన మెదడు ఇలా పూర్తిగా తిరిగి పెరగడం కీటకాల్లో అంతకుముందు ఎవరూ చూపలేదు.

ఈ చీమ మీద అంత ఆసక్తి పుట్టాక మిగతాది వేగంగా నడిచింది. ప్రపంచంలో మొట్టమొదట జన్యుపటం పూర్తయిన చీమలు రెండు. 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ రెండింటిలో ఒకటి ఫ్లోరిడా చీమ, రెండోది జెర్డన్ పేరు పెట్టిన మన చీమ. 2017లో దాని జన్యువుల్లో వాసనకు కీలకమైనదాన్ని మార్చి చూశారు. వేరే చాలా చీమల్లో పనిచీమ జన్యువు మారిస్తే ఆ మార్పు దానితోనే పోతుంది, దానికి సంతానం ఉండదు గనక. ఈ చీమలో ఏ పనికత్తె అయినా తల్లి కాగలదు కాబట్టి మార్పు తర్వాతి తరాలకు దిగింది. వాసన పోయిన చీమలు గూడు వదిలి ఊరికే తిరిగాయి. వేట సాగలేదు. గుడ్లు తగ్గాయి, పెట్టినవాటిని సరిగా సాకలేదు. ఆ ఇంటిని కలిపి ఉంచేది వాసనేనని అలా తేటపడింది.

జెర్డన్ 1872లో లండన్‌లో పోయాడు. ఆయన రాసిన నాలుగైదు వాక్యాల్లో ఒక్కటి కూడా ఎవరూ కొట్టేయాల్సిన అవసరం రాలేదు. ఆ చీమ ఇంటి లోపలి కథ తెలియడానికి నూటనలభై ఏళ్లకు పైగా పట్టింది. పట్టింది ఎందుకంటే చీమ దొరక్క కాదు. చెట్టు మొదట్లో అది ఎప్పుడూ ఉంది. పక్కన కూర్చునేవాళ్లు రాలేదు.

నెల్లూరులో మా ఇంటి వెనక నందివర్ధనం మొదట్లో గండుచీమల గూడుంది. రెండేళ్లుగా పొద్దున్నే అరగంట అక్కడ పీట వేసుకుని కూర్చుంటున్నాను. పాత ల్యాబ్ రికార్డు పుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. పేరు మొదటి పేజీలో ఒక్కసారే రాశాను. తర్వాతి పేజీలన్నీ అవి చేసినవే: ఏ వేళకు మొదటిది బయటికొచ్చింది, వాన పడిన మర్నాడు ఎంత మట్టి బయట పోశాయి, పెద్ద తల ఉన్నది గడప దగ్గర ఎంతసేపు నిలబడింది. కొత్త సంగతేదీ ఇంకా దొరకలేదు. ఇలా కూర్చోవడం పిల్లలకు నేర్పి ఉంటే వాళ్లలో ఎవరికైనా దొరికి ఉండేది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతోందని మొన్న తెలిసింది. ఈ వ్యాసం కాపీ, ఒక కొత్త నోటుపుస్తకం కలిపి ఆమెకు పంపుతున్నాను. అట్ట మీద పేరు రాయలేదు. మొదటి పేజీలో ఆమె నన్నడిగిన ప్రశ్న రాశాను: ఇది రోజంతా ఏం చేస్తుంది?